డైలాగ్ లేని నానమ్మ

నవ్వకుండా వింటానంటే చెప్తాను. సరే, నవ్వినా చెప్తాను. మా బస్తీ అంతా ఇప్పటికే నవ్వేసింది, మీరు మాత్రం ఎందుకు మిగిలిపోవాలి. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంగ్లీషు స్కూలు ఉంది. వాళ్లు నెలనెలా స్కూలు కబుర్లతో రంగురంగుల పత్రిక వేసి ఇళ్లకు పంపిస్తారు. మొన్నటి పత్రికలో మొదటి పేజీ నిండా నా మొహమే. నోరు మూసుకుని కూర్చోమని తీసుకెళ్లిన చోట నోరు తెరిచిన పాపానికి వచ్చిన పేరు అది.

నేను సినిమాల్లో వేస్తాను. ఆగండాగండి, ఏ సినిమా అని అడక్కండి, వెతికినా కనపడను. జూనియర్ ఆర్టిస్టుని. హీరో తండ్రి పోతే వెనకాల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే ఆడవాళ్లలో మూడో వరస నాది. పల్లెటూరి లుక్ అని మా యూనియన్‌లో నన్ను ఒక జాబితాలో వేసేశారు. చావులు, కరువులు, వరదలు, గుడి దగ్గర గొడవలు నావి. పెళ్లిళ్లు, పార్టీలు రిచ్ లుక్ వాళ్లవి. అది నాకు ఇష్టమే. చిన్నప్పటి నుంచీ నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఊళ్లో అయిదో తరగతితో బడి మానేసినప్పుడు కూడా చదువు పోయిందని బాధపడలేదు, ఇక లేచి నిలబడి జవాబు చెప్పక్కర్లేదని సంతోషించాను. ఈ వృత్తిలో అదొక సుఖం. యాక్షన్ అంటే ఏడవాలి, కట్ అంటే ఆపాలి. మధ్యలో ఎవరూ మన అభిప్రాయం అడగరు.

మొన్నామధ్య ఒక శుక్రవారం సాయంత్రం మా కోఆర్డినేటర్ యాదగిరి ఫోన్ చేశాడు. షూటింగులకు మమ్మల్ని పోగేసి పంపించేది అతనే.

"కనకక్కా, రేపు ఒక్క పూట నానమ్మ వేషం ఉంది, జర చెయ్యాలె."

ఎవరు పోయారని అడిగాను. నాకు అలవాటు కదా.

"ఎవరూ పోలే. గిది షూటింగే కాదు. ఇస్కూలు."

సంగతేమిటంటే, ఆ స్కూల్లో తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మల పండగ. ఫ్యామిలీ ఎంగేజ్‌మెంట్ అంటారట, పిల్లల చదువులో ఇంటిల్లిపాదీ పాలుపంచుకోవడం. ఏ క్లాసు పిల్లల తరఫున పెద్దవాళ్లు ఎక్కువమంది వస్తే ఆ క్లాసు ఫొటో పత్రికలో వేస్తారట. టీచర్లు వాట్సాప్ గ్రూపులో ఊపిరాడనివ్వడం లేదు. ఇంట్లో తాతయ్య ఉంటే తీసుకొస్తారు. లేకపోతే? ఫిల్మ్ నగర్ పక్కనే పెట్టుకుని తాతయ్య లేడని బాధపడేవాళ్లు ఎవరుంటారు చెప్పండి.

రిచ్ లుక్ వాళ్లను పంపించొచ్చు కదా అన్నాను. వాళ్లందరూ టోలిచౌకిలో ఫంక్షన్ హాల్లో పెళ్లి సీనుకు వెళ్లిపోయారట. మంచి చీర కడితే నేనూ రిచ్చే అన్నాడు.

"మాట్లాడాలా?" అన్నాను. నాకు అదొక్కటే భయం.

"డైలాగే లేదక్కా. గట్ల పోయి కూసొని గిట్ల లేసి వచ్చుడే. నా మీద ఒట్టు."

యాదగిరి తన మీద ఒట్టు వేసుకున్నాడంటే అప్పుడే అనుమానించాల్సింది.

శనివారం పొద్దున్న కారు వచ్చింది. మా అమ్మాయి కూతురు చిన్ని, సర్కారు బళ్లో నాలుగో తరగతి, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మమ్మా, నువ్వు నానమ్మగా వెళ్తున్నావా? మా బళ్లో కూడా వచ్చే వారం మీటింగ్ ఉంది, దానికి అమ్మమ్మగా రావా?" అంది. చూద్దాంలే అని కారెక్కాను. చిన్ని వాళ్ల అమ్మా నాన్నా పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే వస్తారు. అందుకని బడి మీటింగులన్నీ నా ఖాతాలోకే వస్తాయి. నేనేమో ప్రతిసారీ ఏదో ఒక షూటింగ్ చూపించి తప్పించుకుంటాను.

కారు ఒక ప్రొడ్యూసర్‌గారి ఇంటి ముందు ఆగింది. ఇల్లంటే ఇల్లు కాదు, గేటు నుంచి గుమ్మానికి ఇంకో కారు వేస్తే బాగుండును అనిపించేంత. మేడమ్‌గారు నన్ను చూసి కాస్త దిగులుపడ్డారు. మీరేనా అన్నారు. నేనేనండీ అన్నాను. ఇద్దరికీ వేరే దారి లేదు. లోపలికి తీసుకెళ్లి పట్టుచీర ఇచ్చారు. నగలు మాత్రం ఏదో సినిమాకు చేయించినవి, కాస్ట్యూమ్ డబ్బాలోంచి తీశారు. నన్ను నమ్మరు కాబోలు అనుకున్నాను. తర్వాత చూస్తే ఆవిడ మెడలోవీ అలాంటివే.

అసలు నానమ్మగారు ఉన్నారు. శ్రీనగర్ కాలనీలో, కారెక్కితే టీ చల్లారేలోపు వచ్చేంత దూరంలో. మరి ఆవిడ ఎందుకు రాలేదంటే, పోయినేడు ఇదే పండగకు వస్తే రెండో వరసలో కూర్చోబెట్టారట. ముందు వరసలో ఎవరో వేరే ప్రొడ్యూసర్‌గారి తల్లి కూర్చున్నారట. అంతే, పిల్ల పాట పాడకముందే లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి స్కూలు మీద కోపం, స్కూలులో చేర్పించిన కోడలి మీద కోపం, మనవరాలితో ఫోన్లో కూడా మాటల్లేవు. మేడమ్‌గారు ఇదంతా నా జడ సరిచేయిస్తూ, మా అత్తయ్య చాలా సెన్సిటివ్ అండీ అని చెప్పారు. మా బస్తీలో దీనికి వేరే మాట ఉంది, అక్కడ అనలేదు.

"ఎవరైనా పలకరిస్తే నవ్వండి చాలు. మాట్లాడొద్దు. ప్లీజ్" అన్నారు. ఆ ప్లీజ్ విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మనవరాలి పేరు సహస్ర. రెండో తరగతి. కారులో నా పక్కన కూర్చుని నన్ను పరీక్షగా చూసింది. ఈ ఇళ్లలో పిల్లలు మనలా ఆశ్చర్యపోరండీ.

"పోయిన బర్త్‌డేకి ఒక తాతయ్యను తెచ్చారు. కేకు కట్ చేసేలోపు నిద్రపోయాడు" అంది. నన్ను హెచ్చరిస్తున్నట్టు.

నేను నిద్రపోనని మాట ఇచ్చాను.

కాసేపు కిటికీలోంచి చూసి, అమ్మ ఫోన్లో ఉందో లేదో చూసుకుని, నా చెవి దగ్గరికి వచ్చింది. "మా నానమ్మ రోజూ రాత్రి నాకు కథ చెప్తుందని క్లాసులో చెప్పాను. తన్వి అబద్ధం అంటోంది. నీకసలు నానమ్మే లేదు, ఉంటే చూపించు అంటోంది. అందరూ దాని వైపే. మీకు కథలు వచ్చా?"

"నాకు డైలాగ్ లేదమ్మా" అన్నాను.

అన్నాక ఆ పిల్ల మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది. సినిమావాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల కదా, డైలాగ్ లేదంటే ఏమిటో దానికి బాగా తెలుసు. నా చీర కొంగు పట్టుకుంది, స్కూలు వచ్చేదాకా వదల్లేదు.

స్కూలు గేటుకు పెద్ద బ్యానర్. మా స్కూలంటే ఒక కుటుంబం అని దాని అర్థమట, మేడమ్‌గారి డ్రైవర్ చదివి చెప్పాడు. ఆ కుటుంబంలో చొరబడాలంటే మెడలో కార్డు వేసుకోవాలి, బ్యాగు తెరిచి చూపించాలి, సెక్యూరిటీ గార్డు చేతిలో యంత్రం ఒంటి మీద తిరగాలి. నా ప్లాస్టిక్ నగలు చూసి అది బీప్ అనలేదు. అదొక్కటే నిజం చెప్పింది ఆ రోజు.

హాలు చల్లగా ఉంది. ముందు సోఫాలో స్కూలు కరెస్పాండెంట్‌గారు, అంటే యజమాని, పట్టుపంచె కట్టుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. మేడమ్‌గారు ముందే ఎవరితోనో మాట్లాడుకున్నట్టున్నారు, నాకు మొదటి వరసలో కుర్చీ. జన్మలో మొదటిసారి మొదటి వరస. వెనక్కి వెళ్లి కూర్చుంటానంటే సహస్ర ఒప్పుకోలేదు.

సర్దుకుని పక్కకు చూస్తే, పట్టు లాల్చీలో, వెండి పొన్నుకర్రతో, ఒళ్లో ఒక పిల్లాడితో మా వీర్రాజు. ఎన్నో కోర్టు సీన్లలో జడ్జి పక్కన గుమాస్తాగా కూర్చున్న మనిషి. మేమంతా ఆయన్ని గుమాస్తాగారనే పిలుస్తాం. ఒకే సీనులో ఉన్నప్పుడు పలకరించుకోకూడదని మా కట్టుబాటు. ఆయన తల తిప్పకుండా, పెదాలు కదపకుండా, పెళ్లిలో అడిగినట్టు అడిగాడు.

"ఎవరి తరఫున?"

"రెండో తరగతి బి సెక్షన్" అన్నాను.

"మనది ఫస్ట్ క్లాస్. వెనక్కి చూడకు, నవ్వొస్తుంది."

చూశాను. మూడో వరసలో వరద సీన్లో నా పక్కన మునిగిన సూరమ్మ, పెద్ద ముడి, ముడికి పూలదండ. దాని వెనక మార్కెట్ సీన్లలో బండి తోసే అప్పారావు, తెల్లజుట్టుతో, కండువాతో. ఇంకా అక్కడా ఇక్కడా మనవాళ్లే. యాదగిరి ఆ టోలిచౌకి పెళ్లి సాకు నాకొక్కదానికే చెప్పలేదన్నమాట. నిజం తాతయ్యలు, నానమ్మలు కూడా ఉన్నారు, అబద్ధం ఎందుకు. వాళ్లను గుర్తుపట్టడం తేలిక. చీరలు నలిగి ఉన్నాయి, ఆవలిస్తున్నారు, పిల్లలు వాళ్ల మాట వినడం లేదు.

ప్రిన్సిపాల్‌గారు మైకు అందుకున్నారు. ఆవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టి, పెద్దవాళ్ల కోసమని తెలుగులోకి వచ్చారు. ఈ రోజుల్లో అన్నీ కొనుక్కోవచ్చు, ఒక్క నానమ్మ ప్రేమను మాత్రం అద్దెకు తెచ్చుకోలేం అన్నారు. హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మావాళ్లే. మా పనే అది, మంచి మాట వినపడితే చాలు. మేడమ్‌గారు కూడా కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. గ్లిజరిన్ లేకుండా.

పిల్లలు పాటలు పాడారు. డాన్సులు చేశారు. ఇంక టిఫినే అనుకుంటున్నాను. అప్పుడు ప్రిన్సిపాల్‌గారు ఒక సర్‌ప్రైజ్ అన్నారు. పెద్దవాళ్లలో ఒకరు స్టేజి మీదికొచ్చి తమ జీవితంలో జరిగిన ఒక కథ పిల్లలకు చెప్పాలట. దాన్ని వీడియో తీసి అన్ని ఇళ్లకూ పంపిస్తారట. ఎవరొస్తారు?

మా వాళ్లందరూ ఒక్కసారి తలలు దించేశారు. ఆ తలలు దించడంలో కూడా ఎంత కలిసికట్టో.

వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "సహస్రా, మీ నానమ్మ రోజూ చెప్తుందన్నావుగా?" తన్వి కాబోలు. పిల్లలు కిసుక్కుమన్నారు. సహస్ర లేచి నిలబడింది. చెయ్యెత్తింది. "మా నానమ్మ చెప్తుంది" అంది.

మేడమ్‌గారి మొహంలో రంగు పోయింది. నా మొహంలో పౌడర్ ఉంది కాబట్టి తెలియలేదు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. స్టేజి మెట్లెక్కుతుంటే నాకు తెలిసింది ఒకటే. ఇప్పుడు నేను నోరు తెరవకపోతే ఈ పిల్ల ఈ స్కూల్లో చదివినన్నాళ్లూ అబద్ధాలకోరు. నేను రేపు ఇంకో చావుకు వెళ్లిపోతాను, ఇది మాత్రం సోమవారం మళ్లీ ఇక్కడికే రావాలి.

మైకు ఇచ్చారు. రెండు చేతులతో పట్టుకున్నాను. కథ అంటే నాకు వచ్చింది ఒకటే, అది కథ కూడా కాదు.

చాలా కాలం క్రితం ఒక వరద సినిమాలో వేశాను. అందులో ఒక పెద్ద నటిగారికి రచ్చబండ దగ్గర పేజీల పొడుగు డైలాగ్. ఆవిడకు అది నోరు తిరగలేదు. తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా మళ్లీ మళ్లీ చెప్తూనే ఉన్నారు, మేము పైపు వానలో తడుస్తూ వింటూనే ఉన్నాం. ఆవిడకు రాలేదు కానీ మాకందరికీ వచ్చేసింది. ఇంట్లో చిన్ని కథ చెప్పమంటే నేను చెప్పేది అదే. సగంలో నిద్రపోతుంది. అందుకని చివరిదాకా వెళ్తే ఏమవుతుందో నాకెప్పుడూ ఆలోచించే పని పడలేదు.

కెమెరా అబ్బాయి వేలు చూపించి, "ఓకే ఆంటీ, యాక్షన్" అన్నాడు. సరదాకే అని ఉంటాడు. నాకు సరదా ఏమిటి, నరాల్లోకి వెళ్లిపోయింది.

"ఆ రాత్రి ఏరు మా ఇంటికి చుట్టంలా రాలేదు పిల్లలూ, దొంగలా వచ్చింది" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నడుం లోతు నీళ్లు. ఒక చంకలో బిడ్డ, ఒక చేతిలో లాంతరు. గాలికి లాంతరు ఆరిపోయింది. ఆ చీకట్లో నా బిడ్డ ఏడుపే నాకు దీపం. తెల్లారేసరికి తాటిచెట్టును పట్టుకుని నేను, నన్ను పట్టుకుని నా బిడ్డ."

తల్లులు ముక్కులు చీదుతున్నారు. కరెస్పాండెంట్‌గారు కూడా కాలు దించి కూర్చున్నారు. సహస్ర నా పక్కన నిటారుగా నిలబడి తన్వి వైపే చూస్తోంది. అక్కడ ఆపేసి ఉంటే నాకు ఈ రోజు మీతో పనే లేదు. కానీ నాకు ఆ డైలాగ్ ముక్కలుగా రాదండీ. మొదలుపెడితే చివరిదాకా వెళ్లాల్సిందే. ఎవరైనా కట్ అనాలి. అక్కడ ఆ మాట అనేవాళ్లెవరు?

"అందరూ గట్టు తెగిందన్నారు. గట్టు తెగలేదు. గట్టుకు పొయ్యాల్సిన మట్టి కూడా అమ్ముకు తిన్న పెద్దమనిషి ఒకడున్నాడు. పట్టుపంచె కట్టుకుని ఇవాళ మన మధ్యే దర్జాగా కూర్చున్నాడు."

ఆ నటిగారు అక్కడ చెయ్యెత్తి వేలు చూపించేవారు. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆ సినిమాలో విలన్ కుర్చీ ఎక్కడ వేశారో, ఈ హాల్లో కరెస్పాండెంట్‌గారి సోఫా కూడా సరిగ్గా అక్కడే వేశారు. నా తప్పా అది?

"ఇదిగో, ఇతనే. పసిపిల్లల పేరు చెప్పి మన దగ్గర గుంజింది ఎక్కడికి పోయింది? చెప్పు. నీ మేడ ఎవరి కూటితో లేచింది? చెప్పు!"

ఆ వారమే ఫీజులు పెంచుతున్నామని ఇళ్లకు మెసేజ్ వెళ్లిందట. నాకేం తెలుసు. వెనక వరసల్లో ఎవరో ఒకాయన చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత వరుసంతా. తర్వాత హాలంతా. ఎవరో ఈల కూడా వేశారు, మాస్ సినిమాలో వేసినట్టు. కోట్లు వేసుకున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. వాళ్లు ఫీజు గురించి వాట్సాప్ గ్రూపులో నమస్కారం బొమ్మ తప్ప ఏమీ పెట్టలేదని మేడమ్‌గారు తర్వాత చెప్పారు.

కరెస్పాండెంట్‌గారు సగం లేచి నిలబడ్డారు. చెమటలు. "అదంతా బిల్డింగ్ ఫండ్‌కే పోయిందమ్మా, స్విమ్మింగ్ పూల్ కూడా కట్టాం కదా" అన్నారు. నాకు అడిగే హక్కు ఉన్నట్టు, ఆయనకు చెప్పే బాధ్యత ఉన్నట్టు.

నేను ఇంకా ఆగలేదు. ఆపడం నాకు రాదు. "ఈ ఊరి ఆడదాని శాపం ఊరికే పోదు" అని కొంగు బిగించాను. దాని తర్వాత ఆ సినిమాలో కర్ర తీసుకుని మీదికి వెళ్లాలి. వీర్రాజు పొన్నుకర్ర నా కళ్లకు కనపడుతోంది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు.

"కట్!"

వాళ్లమ్మాయిని చూడ్డానికి వచ్చిన ఒక సినిమా డైరెక్టర్‌గారు. అలవాటులో అనేశారు పాపం. నన్ను కాపాడదామనుకున్నారేమో కూడా. కానీ ఆయన ఒక్కసారి ఆలోచించాల్సింది, హాల్లో ఎవరెవరు ఉన్నారో.

కట్ అనగానే నా చెయ్యి కిందికి పడింది, మొహంలో కోపం పోయింది. అది నా వరకు. ఇటు వీర్రాజు ఒళ్లో పిల్లాణ్ని పక్క కుర్చీలో పెట్టేసి, ఒళ్లు విరుచుకుని, "ప్రొడక్షన్, ఇక్కడొక టీ" అని షూటింగులో టీ కుర్రాణ్ని పిలిచినట్టు గట్టిగా కేకేశాడు. మూడో వరసలో సూరమ్మ దురద ఆపుకోలేక ముడిని పూలదండతో సహా ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పారావు కండువాతో మొహం తుడుచుకుంటే జుట్టుకు పూసిన తెలుపంతా కండువాకి వచ్చేసింది, నల్లజుట్టు తాతయ్య తేలాడు. సగం హాల్లో నానమ్మలు చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్నారు. ఇంకొకావిడ మేకప్ అబ్బాయి ఎక్కడున్నాడని వెతుక్కుంటోంది. మిగిలిన సగం, అసలు తాతయ్యలు, అసలు నానమ్మలు, కదలకుండా కూర్చున్నారు. ఆ పూట నటిస్తున్నట్టు కనపడింది వాళ్లే.

"మా తాతయ్య జుట్టు కండువాకి అంటుకుంది" అన్నాడు ఒక పిల్లాడు.

తల్లిదండ్రులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేరు. నోరు తెరిస్తే తమ తాతయ్య సంగతేంటని అడుగుతారు. నేను స్టేజి మీద రాయిలా నిలబడిపోయాను. పాపం ఈ పిల్ల, నేను కాపాడబోయి ముంచేశాను అనుకున్నాను. తన్వి లేచి నిలబడింది. అడగబోతోంది. ఈవిడ నిజంగా మీ నానమ్మేనా అని ఆ ఒక్క ప్రశ్న అడిగితే అయిపోయినట్టే.

సహస్ర నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"మా నానమ్మ కథ అయిపోయింది. ఇప్పుడు మీరు చప్పట్లు కొట్టాలి."

తన్వి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "రోజూ ఇలాగే చెప్తుందా?" అంది.

"రోజూ. వేలు కూడా చూపిస్తుంది."

"మా నానమ్మ టీవీ చూస్తుందంతే" అంది తన్వి, దిగులుగా.

ముందు చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? తాతయ్యలను అద్దెకు తెచ్చుకున్న తల్లిదండ్రులు. అరచేతులు ఎర్రబడేలా కొట్టారు. ప్రిన్సిపాల్‌గారికి కూడా దారి దొరికింది. మైకు లాక్కుని, ఇది మన తాతయ్యలు, నానమ్మలు కలిసి మనకు తెలియకుండా తయారుచేసిన నాటకం, ఇంత గొప్ప ఎంగేజ్‌మెంట్ ఏ స్కూల్లోనూ జరగలేదు అన్నారు. అద్దె గురించి ఇంకేమీ అనలేదు. వీర్రాజుకి టీ కూడా వచ్చింది.

పత్రిక వచ్చాక మేడమ్‌గారి డ్రైవర్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. చిన్ని కూడబలుక్కుని చదివి చెప్పింది. మొదటి పేజీలో నేను, కొంగు బిగించి, వేలెత్తి, సూటిగా కెమెరాలోకి చూస్తూ. ఇన్నేళ్లలో కెమెరాలోకి చూడొద్దని ఎంతమంది తిట్టారో నన్ను. కింద, సహస్ర నానమ్మగారి సారథ్యంలో అద్భుత నాటకం అని రాశారట. కరెస్పాండెంట్‌గారి ఫొటో లేదు. పేజీ తిప్పితే ఆయన మాట ఉంది. పిల్లల కుటుంబాల్లో ఇంత నటనా ప్రతిభ ఉందని తెలిసి ఆనందించి, వచ్చే టర్మ్ నుంచి నాటక శిక్షణ మొదలుపెడుతున్నారట. దానికి వేరే ఫీజట.

ఇప్పుడు ఆ వాట్సాప్ గ్రూపులో అందరూ ఈ కొత్త ఫీజు తెచ్చిపెట్టిందని సహస్ర నానమ్మ మీద మండిపడుతున్నారట. అంటే అసలావిడ మీద.

ఆవిడ శ్రీనగర్ కాలనీ నుంచి ఫోన్ చేసి కొడుకుని, కోడల్ని దులిపేశారట. తన వేషం ఎవరో వేసినందుకు కాదు. నాకు మొదటి వరసలో కుర్చీ వేసినందుకు. వచ్చే ఏడు ఆ కుర్చీలో తనే కూర్చుంటానని ఇప్పుడే చెప్పేశారు. పైగా వీడియో తెప్పించుకుని చూశారట. రోజూ రాత్రి మనవరాలికి ఫోన్లో కథ చెప్తున్నారట. ఏ కథ అని అడక్కండి. మాటలు మర్చిపోతే సహస్రే అందిస్తోందని డ్రైవర్ చెప్పాడు.

నాకు ఫోన్ చేసింది యాదగిరి ఒక్కడే.

"అక్కా, నీ ఫేస్ రిజిస్టర్ అయింది. ఇగ ఏ ఇస్కూలుకూ పంపలేను."

మా పనిలో అది పెద్ద మాట. ఒకసారి మొహం జనానికి గుర్తుండిపోతే అదే సినిమాలో ఇంకో చోట నిలబెట్టరు. ఇన్నేళ్లూ ఒక్కసారైనా నా మొహం రిజిస్టర్ అవ్వాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆయన విన్నాడు. సినిమాలోనా, స్కూలు పత్రికలోనా అన్నది నేను సరిగ్గా చెప్పలేదు.

వారం తిరిగి చిన్ని బళ్లో మీటింగ్ వచ్చింది. చూపించడానికి షూటింగ్ లేదు, వెళ్లాను. మా బస్తీ చివర రెండు గదుల బడి. బ్యానర్ లేదు, చాప ఉంది. టీచరమ్మ నన్ను చూసి, "మీరు చిన్నికి ఏమవుతారు? ఎప్పుడూ చూడలేదే" అన్నారు. అమ్మమ్మనండీ అన్నాను. "ఆధార్ కార్డు తెచ్చారా?" అన్నారు. చూడండి, పట్టుచీర కట్టుకుని అబద్ధపు నానమ్మగా వెళ్తే మొదటి వరసలో కూర్చోబెట్టారు. నా చీర నేను కట్టుకుని నిజం అమ్మమ్మగా వెళ్తే కార్డు అడుగుతున్నారు.

సరే, కూర్చున్నాను. టీచరమ్మ మంచావిడే. పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పండి అమ్మమ్మగారూ అన్నారు. లేచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొంగు సర్దుకున్నాను. చాప మీద పిల్లలందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. పక్కన కుర్చీలో హెడ్‌మాస్టరుగారు, తెల్లటి పంచె కట్టుకుని.

చిన్ని నా కొంగు లాగి, ఎవరికీ వినపడకుండా, "అమ్మమ్మా, యాక్షన్" అంది.

ఇంకేముంది. ఏరు దొంగలా వచ్చింది, లాంతరు ఆరిపోయింది, తాటిచెట్టు దొరికింది. పిల్లలు ఊపిరి బిగపట్టి వింటున్నారు. గట్టు దాకా వచ్చేశాను. పట్టుపంచె అన్నాను. చెయ్యి లేవడం మొదలైంది. హెడ్‌మాస్టరుగారు ముచ్చటగా తల ఊపుతూ వింటున్నారు, పాపం, ఏం రాబోతోందో తెలియక.

"కట్" అంది చిన్ని.

ఇన్నేళ్లలో ఎంతమంది డైరెక్టర్ల దగ్గర పనిచేశానో. సరైన చోట కట్ చెప్పింది ఇదొక్కతే. ఇంకా నాలుగో తరగతి.